పొడిగించిన తారీఖు

2020 మార్చి 20, శుక్రవారం నాడు నూకరాజు ఆరు రైలుపెట్టెలకి తారీఖులు వేశాడు.

ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ముప్పై మూడేళ్ళుగా అతని పని అదే. మరమ్మతు పూర్తయిన పెట్టె బయటికి వెళ్ళే ముందు దాని చివరి గోడ మీద రెండు తారీఖులు పడాలి. ఒకటి పని ముగిసిన రోజు, రెండోది మళ్ళీ వర్క్‌షాపుకి తిరిగి రావాల్సిన రోజు. రేకులో కోసిన అచ్చుని గోడకి ఆనించి పట్టుకుని పొట్టి కుంచెతో పసుపు రంగు అద్దాలి. రెండో తారీఖు దాటిన పెట్టె ఏ ఊళ్ళో ఉన్నా సరే, బండిలోంచి విడదీసి వెనక్కి పంపేస్తారు. లోపల సీట్లు ఎంత బాగున్నాయి, చక్రాలు ఎంత నున్నగా తిరుగుతున్నాయి అన్నది ఎవరూ అడగరు. ఆ పట్టింపు నూకరాజుకి నచ్చేది. అతను అద్దిన అంకె వంకరపోయిందని గాని, తప్పిందని గాని ఎవరూ అనలేదు.

సాయంత్రం టర్పెంటైన్‌తో చేతులు కడుక్కుంటూ తన సొంత తారీఖు గుర్తుచేసుకున్నాడు. మార్చి 24, మంగళవారం, పొద్దున తొమ్మిదిన్నరకి కలకత్తా ఆసుపత్రిలో ఉండాలి.

అప్పటికి అతనికి యాభై ఎనిమిదేళ్ళు. తండ్రి సోంపేట దగ్గర పల్లె నుంచి వచ్చి ఇదే వర్క్‌షాపులో ఖలాసీగా చేరాడు. నూకరాజు న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లో పుట్టి, రైల్వే బళ్ళో చదివి, అప్రెంటిస్ చేసి, సోంపేట వెళ్ళి అప్పలకొండని పెళ్ళిచేసుకుని తెచ్చుకున్నాడు. ఒక్క కూతురు, పెళ్ళయి టాటానగర్‌లో ఉంటోంది. జీవితంలో చెప్పుకోదగ్గ సంగతి ఏదైనా ఉంటే అది 2018 అక్టోబరులో, షాపు వెనక మూత్రశాలలో జరిగింది. మూత్రం ఎర్రగా పడింది. నొప్పి లేదు. రెండు రోజులు బీట్‌రూట్ తిన్నానేమో అనుకున్నాడు. మూడో రోజు బీట్‌రూట్ తిని ఆర్నెల్లయిందని గుర్తొచ్చింది.

కలకత్తాలో పెద్ద డాక్టరు గొట్టం పెట్టి చూసి, మూత్రాశయంలో పుట్టిన గడ్డని గీకి తీశాడు. కేన్సరేనని రిపోర్టు వచ్చింది.

"రంగుల్లో పని చేస్తావా? బీడీ తాగుతావా?" అని హిందీలో అడిగాడు.

"రెండూ సార్," అన్నాడు నూకరాజు.

డాక్టరు కాగితం మీద ఒక గిన్నె బొమ్మ గీశాడు. గిన్నెకి లోపల పలచటి పొర, దాని వెనక కండ. గడ్డ చెడ్డ రకానిదే గాని ఇప్పటికి పొరలోనే ఉంది, పొరలో ఉన్నంతకాలం గీకి తీసేయవచ్చు అన్నాడు. కండలోకి దిగితే మాత్రం మూత్రాశయం మొత్తం తీసేయాలి, ఆ తర్వాత పొట్ట మీద బ్యాగే జీవితాంతం. అందుకని మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి, మధ్యలో రక్తం కనబడితే ఆ రోజే రావాలి.

నూకరాజు వెళ్ళాడు. క్షయ టీకాలో వాడే మందునే గొట్టంతో మూత్రాశయంలోకి ఎక్కిస్తే రెండు గంటలు బిగపట్టుకుని, పావుగంటకోసారి పక్క మార్చుకుంటూ పడుకున్నాడు. అలా వారానికొకటి చొప్పున ఆరు వారాలు. ఆ తర్వాత మూడు నెలలకోసారి తనిఖీ. 2019 సెప్టెంబరులో ఆవగింజంతది మళ్ళీ కనబడితే గీకేశారు. డిసెంబరులో ఏమీ లేదు. గొట్టం పెట్టేటప్పుడు నడుం కింద బట్టలుండవు. చుట్టూ ముగ్గురు నలుగురుంటారు, అందులో ఆడపిల్లలూ ఉంటారు. ఆ ఇరవై నిమిషాలూ అతను పైన ఫ్యాను రెక్కలకేసి చూస్తూ ఉండేవాడు. తిరిగొచ్చాక రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అయినా ఒక్క తారీఖు కూడా తప్పలేదు.

కరోనా వల్ల మార్చి 22 రాత్రి నుంచి రైళ్ళు ఆగిపోయాయి. 24న ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. తనిఖీలన్నీ వాయిదా వేశామని, రక్తం కనబడితేనే రమ్మని, మళ్ళీ వాళ్ళే పిలుస్తామని చెప్పారు. నూకరాజు సరేనన్నాడు. ఫోను పెట్టేశాక ఎన్నాళ్ళకో కడుపునిండా అన్నం తిన్నాడు.

జూన్‌లో సగం మందితో వర్క్‌షాపు తెరిచారు. రెండో వారంలో సిరిల్ ఒక కాగితం పట్టుకుని పెయింట్ షాపుకి వచ్చాడు. సిరిల్ ఏ పెట్టె ఎప్పుడు రావాలో లెక్క చూసే సెక్షన్లో గుమస్తా, నూకరాజుతో కలిసి రైల్వే బళ్ళో చదువుకున్నవాడు. నిమ్‌పురా యార్డులో నిలబడిపోయిన పెట్టెల తారీఖులు దాటిపోతున్నాయని, వాటికి ఆరు నెలలు పొడిగింపు ఇచ్చారని ఆ కాగితంలో ఉంది. పాత తారీఖు చెరిపి కొత్తది వేయాలి.

ఇద్దరూ యార్డుకి వెళ్ళారు. పెట్టెలు వరసగా ఉన్నాయి. చక్రాల మధ్య గడ్డి మోకాలెత్తు పెరిగింది. నూకరాజు అచ్చు పెట్టి రంగు అద్దుతున్నాడు, సిరిల్ నంబర్లు చదువుతున్నాడు.

"ఇన్నేళ్ళ సర్వీసులో తారీకు ఎనక్కి నెట్టడం ఇదే సూడ్డంరా," అన్నాడు నూకరాజు.

"నిలబడ్డ పెట్టికి అరుగుదలేటుంటాదిరా? సెక్రం తిరగలేదు, బేరింగు వేడెక్కలేదు. మూడు నెల్లు నిద్దరోయినాది. ఆ నిద్దర దాని వయసులోంచి కొట్టీసినారు."

"మనుసులికీ అలగే కొట్టీస్తే బాగున్ను. నా రిటైర్‌మెంటూ ఆర్నెల్లు ఎనక్కెళ్ళును."

"ఎల్తే మీ ఆవిడ కొబ్బరికాయ కొడతాది. మూడు నెల్లు నిన్ను ఇంట్లో బరించినాది మరి. పుణ్యాత్మురాలు."

నూకరాజు నవ్వాడు. తర్వాతి పెట్టె దగ్గరికి వెళ్ళాక అన్నాడు.

"నా ఆస్పటలు తారీకు మార్చిలో దాటిపోనాదిరా."

"దాటితే దాటినాది. నువ్వూ నిలబడ్డ పెట్టివే కదా? గడప దాటినావేటి? బరువెత్తినావేటి? నీకూ ఓ అచ్చు గుద్దీ."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ రోజు నలభై ఒక్క పెట్టెలకి తారీఖులు వేశారు. సాయంత్రం నూకరాజు కుంచె, ఆరు అచ్చురేకులు, డబ్బా అడుగున మిగిలిన రంగు ఇంటికి తెచ్చాడు. ఆసుపత్రి కాగితాలుండే నీలం ఫైలు అట్ట మీద 24-9-20 అని గుద్దాడు. మార్చి నుంచి ఆరు నెలలు. అంకెలు నిటారుగా వచ్చాయి.

అప్పలకొండ కూరలో ఉప్పు వేస్తూ చూసింది.

"అదేటి మావా, ఫైలుకి రంగులేస్తున్నావు?"

"డేటే. పొడిగించినారు."

"మంచి పని సేసినారు. ఇప్పుడు ఆ కలకత్తా ఎల్తే ఉన్న రోగం పోదు, లేని రోగం తగులుకుంటాది."

ఎవరు పొడిగించారని ఆమె అడగలేదు. అతను చెప్పలేదు.

సెప్టెంబరు మూడో వారంలో రెండో కాగితం వచ్చింది. ఇంకా కదలని పెట్టెలకి మరో ఆరు నెలలు. అదే వారం, అతను షాపులో ఉండగా ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఈసారి తెలుగులో.

"నూకరాజు అంకులేనా? నేను ఏంజలిన్ని, సిస్టర్ని. మాది నిమ్‌పురాయే. మీ చెక్ పెండింగ్ ఉంది కదా, ఇరవై ఎనిమిదికి స్లాట్ ఇస్తాను, రాగలరా?"

"బళ్ళు లేవు కదమ్మా."

"పబ్లిక్కి లేవు గాని, మీరు రైల్వే కదా అంకుల్? స్టాఫ్ స్పెషల్ తిరుగుతోంది. మా పేషెంట్లు పాపం కారు దొరక్క ఏడుస్తున్నారు. మీకు ఐడీ కార్డుంటే చాలు."

ఆ బండి సంగతి నూకరాజుకి తెలుసు. వర్క్‌షాపు వాళ్ళు రోజూ అందులోనే వచ్చిపోతున్నారు. ఏంజలిన్ గొంతు వింటుంటే ఆ బల్ల, ఆ ఫ్యాను గుర్తొచ్చాయి. పక్క వీధిలో కోవిడ్‌తో పోయిన ఫిట్టరూ గుర్తొచ్చాడు. చేతిలో రంగు ఆరని కుంచె ఉంది.

"నాకు రక్తం అదీ ఏటీ పడ్డం లేదమ్మా. బాగానే ఉన్నాను. నా డేటు మార్చికుంది."

"మార్చికా? ఎవరిచ్చారు?"

"ఇచ్చినారు," అన్నాడు నూకరాజు.

ఆమె "ఠీక్ హై అంకుల్, ఏదైనా తేడా వస్తే వెంటనే రండి," అని పెట్టేసింది. ఆమెకి ఆ రోజు ఇంకా ఎంతమందికి ఫోన్లు చేయాలో.

ఫైలు మీద పాత అంకెలకి నల్లరంగు పూసి కొత్తవి గుద్దాడు. 24-3-21. మొదటిసారి అది సరదాకి చేసిన పని. ఈసారి కాదు. యార్డులో పెట్టెలు అప్పటికీ నిలబడే ఉన్నాయి గాని అతను జూన్ నుంచి డ్యూటీకి వెళ్తున్నాడు, నిచ్చెన ఎక్కుతున్నాడు, రంగుడబ్బాలు మోస్తున్నాడు. ఆ తేడా అతనికి తోచకపోలేదు. తోచిన దాన్ని పక్కన పెట్టాడు.

జనవరిలో ఒకరోజు పొద్దున మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చింది. రెండు బకెట్ల నీళ్ళు పోశాడు. వారం రోజులు బార్లీ నీళ్ళు తాగాడు. ఎండ తగిలి ఒంటికి వేడి చేసిందని అప్పలకొండతో అన్నాడు. జనవరిలో ఎండేమిటని ఆమె అనుకుందో లేదో, బార్లీ మాత్రం కాచి ఇచ్చింది. ఫిబ్రవరిలో రెండుసార్లు రక్తమే పడింది, గడ్డలు గడ్డలుగా. అప్పటికి మామూలు లోకల్ రైళ్ళు తిరిగి మూడు నెలలైంది. అతను మార్చి 24 దాకా ఆగాడు.

ఆ రోజు ఇద్దరూ వెళ్ళారు. డాక్టరు గొట్టంలోంచి చాలాసేపు చూశాడు. చేతి తొడుగులు తీసి, బట్టలు వేసుకోమని చెప్పి, బయట అప్పలకొండ పక్కన కూర్చోబెట్టాడు.

"ఏడాదిపాటు ఎక్కడున్నావు?"

"గాడీ బంద్ థా, సార్," అన్నాడు నూకరాజు.

డాక్టరు తలూపాడు. ఆ ఏడాదిలో బళ్ళు లేవన్న మాట అతను ఎంతమంది దగ్గర విన్నాడో. లాక్‌డౌన్ వల్ల ఆలస్యం అని కేసు షీటులో రాశాడు. గీకి తీసిన ముక్క రిపోర్టు ఏప్రిల్ మొదటి వారంలో వచ్చింది. కండలోకి దిగింది.

మూత్రాశయం తీయాలన్నారు. ఏప్రిల్ 27 అన్నారు. ఏప్రిల్ మూడో వారానికి ఐసీయూ పడకలన్నీ కోవిడ్ రోగులతో నిండిపోయాయి. ఆపరేషను వాయిదా. మే 6 నుంచి లోకల్ రైళ్ళు మళ్ళీ ఆగాయి. ఈ వాయిదా అతను వేసుకున్నది కాదు. రోజూ ఫోన్ చేసేవాడు, రోజూ ఇంకా లేదనేవారు. వాడు పడక ఇవ్వడం లేదని అప్పలకొండ అనేది. ఆ వాడెవడో ఆమెకీ తెలియదు. చివరికి జూలై 12న చేశారు. ఏడు గంటలు పట్టింది. చిన్నపేగులోంచి ముక్క కోసి, పొట్టకి కుడివైపున కంత చేసి, దానికి బ్యాగు తగిలించారు.

స్పృహ వచ్చాక తనకి ఏడుపొస్తుందేమోనని నూకరాజు కాసేపు చూశాడు. రాలేదు. పొట్ట మీద ఉన్నదాన్ని ముట్టుకుంటే తనది కాని వస్తువేదో తగిలినట్టుంది. పక్కమంచం మీద మనిషి ఎన్నింటికి టీ వస్తుందని అడిగితే, నాలుగింటికి అని చెప్పాడు.

బ్యాగు నాలుగు రోజులకోసారి మార్చాలి. వార్డులో నర్సు ఇద్దరికీ చూపించింది. నూకరాజు చూడలేదు, గోడకేసి తిరిగాడు. అప్పలకొండ నేర్చుకుంది. ఇంటికొచ్చాక ఆమే మార్చేది, వెచ్చటి నీళ్ళతో చర్మం తుడిచి, ఆరబెట్టి, బ్యాగు అతికే అట్ట అంటించి, అంచులు వేలితో నొక్కి. అతను కళ్ళు మూసుకుని పడుకునేవాడు. ఆమె ఆ నాలుగు రోజుల లెక్క దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. 2023లో సోంపేటలో ఆమె తమ్ముడు పోయాడు. పొద్దున కబురొస్తే, ఆ రోజు మార్చే రోజు. బ్యాగు మార్చి, స్నానం చేసి, గుమ్మంలో కూర్చుంది. పెదకర్మకి కూడా వెళ్ళలేదు.

అతన్ని వర్క్‌షాపులో టూల్‌రూమ్‌కి మార్చారు. స్టూలు మీద కూర్చుని మూడు నెలలు పనిముట్లు ఇచ్చి పుచ్చుకుని, 2022 జనవరిలో రిటైరయ్యాడు. క్వార్టరు వదిలి ఊళ్ళోనే ఖరిదాలో రెండు గదులు అద్దెకి తీసుకున్నారు. సిరిల్ అప్పుడప్పుడూ వస్తాడు. ఒకసారి నూకరాజు యార్డు సంగతి ఎత్తాడు.

"ఆ రోజు నువ్వన్నావు సూడు, నిలబడ్డ పెట్టని."

"ఏ రోజురా? నానేటన్నాను?" అన్నాడు సిరిల్. నిజంగానే గుర్తులేదు.

అప్పలకొండ మాత్రం అందరికీ ఒకే మాట చెప్పేది. న్యూ సెటిల్‌మెంట్ గుడి దగ్గర, ఖరిదా బజారులో చేపల గంప ముందు, టాటానగర్ కూతురితో ఫోనులో. "ఆయనెప్పుడూ డేటు తప్పిన మనిసి కాదు. బళ్ళే ఆపీసినారు. మా కర్మ." నూకరాజు పక్కనే ఉంటే వినేవాడు. మూడేళ్ళలో ఆ మాట అతనికి కూడా నిజంలాగే వినిపించసాగింది.

2024 నవంబరు 10, ఆదివారం మధ్యాహ్నం ఏంజలిన్ ఇంటికి వచ్చింది. కరోనా కాలంలో తనిఖీలు ఆలస్యమైన రోగుల మీద ఆసుపత్రి ఒక సర్వే చేస్తోంది. ఖరగ్‌పూర్ వాళ్ళవి తను సెలవుకి వచ్చినప్పుడు పూర్తిచేస్తానని తీసుకుంది. అప్పలకొండ మంచం మీద దుప్పటి మార్చి కూర్చోబెట్టింది, టీ ఇచ్చింది.

"నిమ్‌పురాలో ఎవరి పిల్లవి?"

"లోకోషెడ్ జ్ఞానరత్నం గారి మనవరాల్ని ఆంటీ."

"ఓలమ్మ, ఆవిడ మనవరాలివా! క్రిస్మస్‌కి కేకు పంపీది కదా మాకు. బతికే ఉందేటి?"

"ఉంది. ఇంకా తిడతానే ఉంది అందర్నీ," అని నవ్వి, ఏంజలిన్ ట్యాబ్ తీసింది. "చెక్ ఎన్ని నెలలు లేటయింది అంకుల్?"

"పన్నెండు," అంది అప్పలకొండ. "బళ్ళు లేవు కదమ్మా. రాసీ, బళ్ళు లేవని రాసీ. ఇంకేటుంది అడగడానికి?"

ఏంజలిన్ వేలు తెర మీద ఆగింది. "బళ్ళు లేనిది నిజమే ఆంటీ. కాని సెప్టెంబర్లో నేనే ఫోన్ చేశాను. స్టాఫ్ స్పెషల్ ఉంది, ఇరవై ఎనిమిదికి రమ్మన్నాను. అంకుల్ డేటు మార్చికుందన్నారు. రికార్డులో కూడా ఉంది. అంటే వేరే డాక్టర్‌కి చూపించారా అని..."

"ఏ డేటు?" అంది అప్పలకొండ. అడిగింది ఏంజలిన్‌ని కాదు.

నూకరాజు చెప్పాడు. యార్డు, కాగితం, పొడిగింపు, రెండో పొడిగింపు. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. చివర్లో జనవరి నాటి రక్తం సంగతి కూడా చెప్పాడు. ఎవరూ అడగలేదు, అయినా చెప్పాడు.

"మరి ఆస్పత్రోలు పొడిగించినారన్నావు."

"పొడిగించినారన్నాను. ఆస్పత్రోలనలేదు."

అప్పలకొండ ఖాళీ టీ గ్లాసు చేతిలోకి తీసుకుంది. "సెప్టెంబర్లో ఎల్లుంటే ఈ బేగు తప్పునేటమ్మా?"

"సెప్పలేం ఆంటీ," అంది ఏంజలిన్. ఆమె నోట నిమ్‌పురా మాట వచ్చేసింది. "కొందరికి అప్పటికే దిగిపోతాది. కొందరికి దిగదు. ఎవరూ సెప్పలేరు."

ఏంజలిన్‌కి ఇంకా రెండు ఇళ్ళున్నాయి.

"ఆలస్యానికి కారణం ఒక్కటే టిక్ పడుతుంది అంకుల్. రైళ్ళు లేవు, ఆసుపత్రి వాయిదా వేసింది, కోవిడ్ భయం, ఇతరాలు."

"మొదటి ఆర్నెల్లు బళ్ళు లేక. తరవాత ఆర్నెల్లు నా వల్ల."

"ఒక్కటే పడుతుంది."

"ఇతరాలకి కొట్టీ," అన్నాడు నూకరాజు.

ఆమె కొట్టింది. వెళ్తూ వెళ్తూ అప్పలకొండ చెయ్యి పట్టుకోబోయింది. ఆ చేతిలో గ్లాసుంది.

సోమవారం బ్యాగు మార్చే రోజు. అప్పలకొండ ఎప్పటిలాగే వెచ్చటి నీళ్ళు తెచ్చి మార్చింది. చేతులు ఎప్పటిలాగే మెత్తగా ఉన్నాయి. ఈసారి నూకరాజు కళ్ళు మూసుకోలేదు గాని, ఆమె ముఖం చూసే ధైర్యం లేక ఆమె మోచేతులు చూశాడు. మంగళవారం, బుధవారం వంట అయింది, తిన్నారు. ఇద్దరూ మాట్లాడుకున్నారు కూడా. గ్యాస్ బండ గురించి, కరెంటు గురించి.

బుధవారం సాయంత్రం ఆమె సంచీలో రెండు చీరలు సర్దుకుంది.

"సోంపేట ఎల్తన్నాను. రేపొద్దున బండికి. తమ్ముడు పోయినాక మరదల్ని సూడనే లేదు."

"ఎప్పుడొస్తావు?"

"మంగలారం."

"శుక్రారం బేగు మార్చాల కదే."

"మార్చాల," అంది అప్పలకొండ. కొత్త బ్యాగులు, దూది, చిన్న కత్తెర, నీళ్ళ గిన్నె ఉండే చోటు చూపించింది. గెడ్డం గీసుకునే అద్దం కిటికీకి ఆనించి పెట్టుకుంటే కంత కనిపిస్తుందని చెప్పింది. కోపంగా చెప్పలేదు. గురువారం పొద్దున రిక్షాలో స్టేషన్‌కి వెళ్ళిపోయింది.

శుక్రవారం నూకరాజు అద్దం కిటికీకి ఆనించి, చొక్కా విప్పి కూర్చున్నాడు. మూడేళ్ళ నాలుగు నెలల తర్వాత ఆ కంతని మొదటిసారి సరిగ్గా చూశాడు. ఎర్రగా, తడిగా, రూపాయి బిళ్ళంత ఉంది. పాతది ఊడదీశాక మూత్రం ఆగకుండా కారి లుంగీ తడిసింది. మొదటి అట్ట వంకరగా అంటుకుంది, పీకేశాడు. రెండోది అంచున కారింది. మూడోది నిలిచింది.

అప్పలకొండ పన్నెండు నిమిషాల్లో మార్చేది. అతనికి గంటా పది నిమిషాలు పట్టింది.